ఉమ్రా ప్రయాణం: దారి చూపేవారిని ఎంచుకునేదెలా?

గద్వాలలో విత్తన పత్తి సొమ్ము చేతికి వచ్చినా, వనపర్తిలో వేరుశనగ అమ్ముడైనా, నాగర్‌కర్నూల్ కుటుంబంలోని కుమారుడు గల్ఫ్ నుంచి నాలుగు డబ్బులు పంపినా, పెద్దల నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఈ ఏడాదైనా కాబా దర్శనం అయితే బాగుండు." ఆ కోరిక తెలిసినవారే జుమా నమాజు తర్వాత మస్జిద్ వాకిట కరపత్రాలు పంచుతారు. పదిహేను రోజులు, హరంకు అతి సమీపంలో వసతి, హైదరాబాదీ భోజనం అని వాటిలో ఉంటుంది. సంస్థ కార్యాలయం హైదరాబాదులో ఉంటుంది. మన ఊరిలో సొమ్ము వసూలు చేసేది మనకు ముఖపరిచయం ఉన్న ఒక భాయ్. ఆ పరిచయాన్ని నమ్మి, సంస్థ ఏదో చూడకుండానే, జీవితకాలపు పొదుపును ఆయన చేతిలో పెడుతున్నాము.

మేమూ అలాగే చేశాము. కొన్నేళ్ల క్రితం ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని ఉమ్రాకు బయలుదేరినప్పుడు వసతి హరంకు అయిదు వందల మీటర్ల దూరమన్నారు. మక్కా చేరాక చూస్తే నడిచే దారి రెండు కిలోమీటర్లు, అందులో సగం ఎగువదారి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రోజుకు ఒక్క నమాజుకే హరం వెళ్లగలిగింది. బృంద నాయకుడు మొదటి ఉమ్రా చేయించి, మరో బృందం కోసం జిద్దా వెళ్లిపోయాడు. తిరిగి వచ్చాక అడుగుదామంటే మా చేతిలో ఉన్నది ఒక తెల్లకాగితం మీద రాసిన మొత్తం మాత్రమే. తప్పు వారిదే, అయినా అడగవలసిన వేళ అడగకపోవడం మాదే.

సీరత్‌లోని ఒక పాఠం

దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) మక్కా నుంచి హిజ్రత్‌కు బయలుదేరినప్పుడు దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అప్పటికి అతడు ముస్లిం కాడు, ఖురైషుల మతంపైనే ఉన్నవాడు. కానీ ఎడారి దారులు ఎరిగినవాడు, నమ్మదగినవాడు. ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు తీసుకురావాలని స్థలమూ సమయమూ ముందే నిర్ణయించారు. ప్రాణాపాయం వెన్నాడుతున్న ఆ ప్రయాణంలో మార్గదర్శికి కావలసినవిగా వారు చూసినవి రెండే: నైపుణ్యం, నిజాయితీ. మనమో మాటతీరు, వేషధారణ, బంధుత్వం చూసి సరిపెట్టుకుంటున్నాము.

మరొక సంగతి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు గడువుతో కూడిన అప్పు లావాదేవీలను సాక్షుల ఎదుట రాసుకోవడాన్ని గురించినది. విశ్వాసులను ఉద్దేశించే ఆ ఆదేశం వచ్చింది. కాబట్టి "మనలో మనకు కాగితాలెందుకు?" అనే మాటకు తావు లేదు. రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు. ఇరువురి పరువునూ అది కాపాడుతుంది.

సొమ్ము ఇచ్చేముందు

మొదట, బాధ్యత ఎవరిదో తేల్చుకోవాలి. ఊరిలోని మధ్యవర్తి కేవలం కమిషన్ మనిషి కావచ్చు. సంస్థ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు అడగాలి. సౌదీలోని ఏ ఉమ్రా కంపెనీ ద్వారా వీసా తీస్తారో అడగాలి. ఇంటి నుంచి ఒకరు హైదరాబాదు వెళ్లి కార్యాలయాన్ని కళ్లారా చూసి రావడం మేలు. బస్సు ఛార్జీకి వెనుకాడితే లక్షలు పోయే ప్రమాదముంది.

రెండవది, వసతి. "హరం దగ్గర" అన్న మాట చాలదు. మక్కాలోనూ మదీనాలోనూ హోటల్ పేర్లు రాయించుకొని ఫోనులోని మ్యాపులో నడక దూరం చూడాలి. మిస్ఫలా వైపా, ఇబ్రాహీం ఖలీల్ రోడ్డా, బస్సెక్కవలసిన అజీజియానా అన్నది వృద్ధులకు చాలా ముఖ్యం. తవాఫ్‌లో ఏడు ప్రదక్షిణలు, ఆపై సఫా మర్వాల నడుమ సుమారు మూడు కిలోమీటర్ల సయీ ఉంటాయి. ఆ నడకకు హోటల్ నడకను కలిపి లెక్కించాలి. గదిలో ఎందరుంటారు, "అలాంటిదే మరొక హోటల్" అనే షరతు ఉందా అన్నవీ చూడాలి.

మూడవది, టికెట్టు. నేరుగా వెళ్లే విమానమా, మధ్యలో దిగాలా, తిరుగు ప్రయాణం ఖరారైందా తెలుసుకోవాలి. బుకింగ్ నంబరు అడిగి విమాన సంస్థ వద్దే సరిచూసుకోవచ్చు.

నాలుగవది, వెంట వచ్చే వ్యక్తి. ఆయన ఎన్నిసార్లు బృందాన్ని నడిపారు? చివరి రోజు వరకు ఉంటారా? ఒక్కరికి ఎందరు యాత్రికులు? చక్రాల కుర్చీ కావలసిన వారికి, మస్జిదె నబవీలోని రౌజాకు నుసుక్ యాప్‌లో అనుమతి తీసుకోవడం తెలియని వారికి ఎవరు తోడ్పడతారు? స్త్రీల సందేహాలు తీర్చడానికి తెలిసిన స్త్రీ ఉన్నారా?

అయిదవది, గత ఏడాది వెళ్లివచ్చిన వారు. సంస్థ ఇచ్చిన పేర్లతో ఆగక, మన మొహల్లాలోనే విచారించి, ఒక వృద్ధురాలిని తప్పక అడగాలి. యువకుడికి పట్టని కష్టం ఆమెకు గుర్తుంటుంది.

చివరిది, చెల్లింపు. బ్యాంకు ద్వారా, సంస్థ ఖాతాకే, విడతలుగా ఇవ్వాలి. ప్రయాణం ఆగిపోతే ఎంత తిరిగి ఇస్తారో రసీదుతో పాటు రాయించుకోవాలి.

హజ్ విషయంలో మరింత జాగ్రత్త

ఉమ్రాకు హజ్ కమిటీ ఏర్పాట్లు ఉండవు గనుక పరీక్షించుకునే భారమంతా మనదే. హజ్‌కు మాత్రం హజ్ కమిటీ ద్వారా గానీ, కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ నమోదు చేసిన ప్రైవేటు సంస్థల ద్వారా గానీ వెళ్లాలి. ఆ నమోదు ఉన్నా కష్టం రావచ్చు. 2025లో భారత్ కోటా 1,75,025 కాగా ప్రైవేటు వాటా 52,507. సౌదీ గడువులోగా శిబిరాల, వసతి, రవాణా ఒప్పందాలు పూర్తికాకపోవడంతో ఆ వాటాలో సుమారు 10,000 మందికే దారి తిరిగి తెరుచుకుంది. అనుమతి లేని హజ్ అంతకంటే ప్రమాదకరం. 2024లో తీవ్ర ఎండల నడుమ 1,301 మంది మరణించారని, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం తెలిపింది. విజిట్ వీసాపై హజ్ చేయిస్తామనే వారి మాట ఎంత తీయగా ఉన్నా వినకూడదు.

ఇంత చూసుకున్నాక కూడా మోసం జరిగితే మౌనం వహించకండి. వినియోగదారుల సహాయవాణి 1915కు చెప్పవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మన ఒక్క ఫిర్యాదు మరో ఇంటి పొదుపును కాపాడుతుంది.

స్తోమత కలిగినవారిపైనే హజ్ విధి అయింది. ఆ స్తోమతలో ధనంతో పాటు క్షేమమైన దారి కూడా ఉందని ధర్మవేత్తలు చెబుతారు. అటువంటి దారిని వెదకడం కూడా యాత్రలో భాగమే. మన పెద్దలు అలసట లేకుండా కాబాను కనులారా చూసి, ఏ మనస్తాపమూ లేకుండా తిరిగి వచ్చే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.