‘ఆపు’ ఒక్కటే చాలదు: వర్క్ ఆర్డర్ సాఫ్ట్‌వేర్ పరిభాషపై ఒక పరిశీలన

ముద్రణాలయాలు, వర్క్‌షాపులు, దుస్తుల తయారీ కేంద్రాలు పనిని అప్పగించి దాని పురోగతిని నమోదు చేయడానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయిస్తున్నాయి. అలా అప్పగించిన పని పత్రమే వర్క్ ఆర్డర్. పని మొదలుపెట్టినప్పుడు, మధ్యలో ఆపినప్పుడు, తిరిగి అందుకున్నప్పుడు కార్మికుడు తెరపై ఒక బటన్ నొక్కాలి. ఈ బటన్లకు తెలుగు పేర్లు పెట్టవలసి వస్తే పాజ్, స్టాప్, హోల్డ్ మూడింటికీ ముందుగా తోచే మాట ‘ఆపు’. ఈ ఏకరూపత పని లెక్కను తారుమారు చేయగలదు. దాన్ని సరిదిద్దే సామగ్రి తెలుగు క్రియల్లోనే ఉందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

ఒక ఊహాత్మక ఉదాహరణ. వెయ్యి ప్రతుల ముద్రణ ఉదయం 10 గంటలకు మొదలైంది. 11.30కి 600 ప్రతులు పూర్తయ్యేసరికి కాగితం అయిపోయింది. మధ్యాహ్నం 2 గంటలకు కాగితం వచ్చింది; 3 గంటలకు పని ముగిసింది. జరిగిన పని రెండున్నర గంటలు, గడిచిన కాలం ఐదు గంటలు. గంటకు 400 రూపాయల ఖర్చనుకుంటే ప్రతికి రూపాయి పడాలి. విరామం నమోదు కాకపోతే రెండు రూపాయలవుతుంది. అంతకన్నా ముఖ్యం, కాగితం తెప్పించని యాజమాన్యం లోపం కార్మికుడి నిదానంగా నమోదవుతుంది.

ముంబయిలోని ఫ్రాపే సంస్థ రూపొందించిన ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఆపడం ఒకే తీరుగా ఉండదు. ఒక్కో ప్రక్రియకు ఉండే జాబ్ కార్డులో పాజ్ నొక్కితే సమయ పట్టికలోని ఆ వరుస ముగుస్తుంది. రెజ్యూమ్ నొక్కితే కొత్త వరుస మొదలవుతుంది. మొత్తం వర్క్ ఆర్డర్‌కు వర్తించేది స్టాప్. ఇంగ్లీషు మాట ముగింపును స్ఫురింపజేసినా, ఇక్కడ స్టాప్ చేసిన ఆర్డర్‌ను మళ్ళీ తెరవవచ్చు. క్లోజ్ చేసినదాన్ని మాత్రం తెరవలేము. కనుక అనువాదకుడు ఇంగ్లీషు మాటను కాక, బటన్ నొక్కిన తరువాత జరిగేదాన్ని అనువదించాలి.

ఇక్కడ తెలుగు సహాయక క్రియలు ఆదుకుంటాయి. ‘ఆపి ఉంచు’లోని ‘ఉంచు’ ఆ స్థితి నిలిచి ఉందని, కదిలించే అవకాశం మిగిలి ఉందని సూచిస్తుంది. ‘మూసివేయు’లోని ‘వేయు’ పని తెగిపోయిందని చెబుతుంది. ‘ఆపాడు’, ‘ఆపేశాడు’ అన్న మాటల మధ్య తేడా తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ లెక్కన పాజ్‌కు ‘ఆపి ఉంచు’, స్టాప్‌కు ‘ఆర్డర్‌ను నిలిపి ఉంచు’, క్లోజ్‌కు ‘మూసివేయు’ సరిపోతాయి. స్టాప్‌ను ‘నిలిపివేయు’ అంటే, తిరిగి తెరవదగిన ఆర్డర్ చేజారిపోయిందని కార్మికుడు భ్రమపడతాడు.

మరొక విషయం సకర్మక, అకర్మక భేదానికి సంబంధించినది. పనిని ఎవరో ఆపుతారు. కరెంటు పోతే పని ఆగుతుంది. పాజ్ బటన్ ఈ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. ఓడూ సాఫ్ట్‌వేర్ మాత్రం కొంత వివేకం చూపుతుంది. యంత్రం చెడినప్పుడో ముడిసరుకు అందనప్పుడో పని కేంద్రాన్ని బ్లాక్ చేసి, కారణాన్ని ఎంచుకునే వీలు కల్పిస్తుంది. ఆ పట్టికను తెలుగు చేసేటప్పుడు ‘ఎందుకు ఆపారు?’ అని అడిగితే అది సంజాయిషీ కోరినట్టుంటుంది. ‘పని ఎందుకు ఆగింది?’ అంటే కారణం అడిగినట్టుంటుంది. ఒక్క అక్షరం మారితే జవాబు చెప్పుకోవలసిన వ్యక్తే మారిపోతున్నాడు.

రెజ్యూమ్‌కు ‘పునఃప్రారంభించు’ అన్న సంస్కృత సమాసం గంభీరంగా ఉన్నా అస్పష్టమైనది. మొదటి ప్రతి నుంచా, 601వ ప్రతి నుంచా అన్నది అందులో తేలదు. ‘మళ్ళీ మొదలుపెట్టు’ అన్నా అదే చిక్కు. ‘కొనసాగించు’ ఆపిన చోటునే పట్టుకుంటుంది. వారపత్రికల సీరియళ్ళలో ‘సశేషం’, ‘సమాప్తం’ అన్న మాటల తేడా ఎరిగిన పాఠకుడికి ఇది కొత్త కాదు. పాజ్ చేసిన జాబ్ కార్డు మీద నిజానికి కనిపించవలసిన మాట ‘సశేషం’.