ఖైదీలు, గూఢచారి... ఒక మామిడి తోట

బయట యుద్ధం. జైలు నుంచి పారిపోయిన ఇద్దరు ఖైదీలు. వాళ్లకి ఆశ్రయమిచ్చిన మనిషేమో శత్రువుల గూఢచారి. ఇలాంటి కథ రాసుకుని, బడ్జెట్ లేదని పక్కన పెట్టేశారా? అసలు ఈ తరహా సినిమాలు పెరిగిందే డబ్బుల్లేని చోట.

1940ల్లో హాలీవుడ్‌లో మోనోగ్రామ్, పీఆర్‌సీ లాంటి చిన్న స్టూడియోలు నేరాన్నీ యుద్ధాన్నీ కలిపి చకచకా సినిమాలు చుట్టేసేవి. పీఆర్‌సీ వాళ్ల ‘డీటూర్’ (1945)లో న్యూయార్క్ వీధి సెట్ వేసే స్తోమత లేక, దర్శకుడు ఎడ్గార్ ఉల్మర్ తెరంతా పొగమంచు నింపేశారు. 1992లో ఆ సినిమాకి అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చోటు దొరికింది!

మన ‘ఘాజీ’ (2017) సంగతీ చూడండి. 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి కథ. కొత్త దర్శకుడు సంకల్ప్ రెడ్డి దీన్ని మొదట యూట్యూబ్ కోసం తీద్దామనుకున్నారు. కథ దాదాపుగా జలాంతర్గామి లోపలే నడుస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అది పెద్ద సంస్థల చేతికి వెళ్లాక తయారైన సినిమా, నిజమే. కానీ ఇరుకు చోటు అనే ఆలోచనకి డబ్బు అక్కర్లేదు కదా.

మీది విస్సన్నపేట అయితే తోట చుట్టుపక్కలే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రాత్రే రాజమండ్రి జైలు నుంచి ఇద్దరు పారిపోయి మన మామిడి తోటలో దాక్కున్నారని ఊహించుకోండి. ముగ్గురు నటులు, ఒక పాక, ఒక లాంతరు.

ఒక్క జాగ్రత్త: చీకటి చౌక అనుకోకండి. రాత్రి ఫోన్‌తో తీస్తే తెరంతా చుక్కలే. సందె వెలుగులో తీసి ఎడిటింగ్‌లో రాత్రి చేయండి. మిగిలిన డబ్బు మైకుకి పెట్టండి. బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. అంతేగానీ నాన్నగారి పొలం తాకట్టు దాకా వెళ్లొద్దు. తీసిన పది నిమిషాలూ బాగుంటే డిగ్రీ అయ్యాక పుణె ఎఫ్‌టీఐఐ దర్శకత్వం కోర్సుకి ప్రయత్నించొచ్చు. ఏ గ్రూపు చదివినా ఫర్వాలేదు.

అన్నట్టు, ఖైదీ బట్టల్లో బొమ్మ తుపాకీ పట్టుకుని తిరువూరు రోడ్డెక్కే ముందు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పండి.