ఆటను తిరగరాసిన అభిమానులు

యూట్యూబ్‌లో ‘టెక్కెన్ 7 పీపీఎస్ఎస్‌పీపీ’ అని వెతికితే వీడియోలు వరసకడతాయి. పీపీఎస్ఎస్‌పీపీ అంటే సోనీ వారి చేతి ఆటయంత్రం పీఎస్‌పీలోని ఆటలను ఫోన్లు, కంప్యూటర్లలో ఆడించే ఎమ్యులేటర్. కానీ ఆ పీఎస్‌పీకి టెక్కెన్ 7 అనే ఫైటింగ్ ఆట ఎన్నడూ రాలేదు. అది 2015లో ఆర్కేడ్లకు, 2017లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్, కంప్యూటర్లకు వచ్చిన ఆట. ఆ వీడియోల్లో మనం చూసేది చాలావరకు 2009 నాటి టెక్కెన్ 6. దుస్తులు, ముఖాలు, మెనూలు, వేదికలు మార్చి ఎవరో అభిమాని దానికి కొత్త వేషం కట్టాడు. ఇదే మాడ్.

ఈ పని ఫోన్లతో మొదలవలేదు. 1991లో కాప్‌కామ్ వారి స్ట్రీట్ ఫైటర్ 2 ప్రపంచాన్ని ఊపేసింది. మరుసటి ఏడాది దాని ఛాంపియన్ ఎడిషన్ రాగానే, ఆర్కేడ్ యంత్రం బోర్డు మీది ప్రోగ్రామ్ చిప్పులు పీకి సొంత చిప్పులు గుచ్చినవాళ్ళు బయల్దేరారు. అలా వచ్చిందే రెయిన్‌బో ఎడిషన్. అందులో గాల్లో ఉండగానే హడోకెన్ అనే నిప్పుముద్ద విసరొచ్చు. అది మనిషిని వెంటాడుతుంది. స్టార్ట్ నొక్కితే పోరు మధ్యలోనే పాత్ర మారిపోతుంది. న్యాయం, సమతూకం మచ్చుకైనా లేవు. అయినా జనం ఎగబడ్డారు. కాప్‌కామ్ అమెరికా శాఖలోని జేమ్స్ గొడ్డార్డ్ ఆ ఊపు గమనించి, అసలు ఆటకూ వేగం పెంచాలని పట్టుబట్టాడు. అలా 1992 చివర్లో హైపర్ ఫైటింగ్ ఎడిషన్ వచ్చింది. రియూ, కెన్ పాత్రల సుడిగాలి తన్ను అందులో గాల్లో ఉండగా కూడా వేసే వీలొచ్చింది. దొంగచాటు చిప్పు అసలు కంపెనీ చేత ఆటను మార్పించింది! ఫైటింగ్ గేముల చరిత్రలో ఇంతకు మించిన అభిమాని విజయం నాకు కనబడదు.

కింగ్ ఆఫ్ ఫైటర్స్ అనే ఫైటింగ్ ఆటల వరసకీ ఇలాంటి దొంగచాటు మార్పులే జరిగాయి. అందులోని 2002 ఆటను మార్చి చేసిన మ్యాజిక్ ప్లస్ చాలా దేశాల ఆటల దుకాణాలకు పాకింది.

ఇప్పుడు ఆ చిప్పుల పని ఫైళ్ళతో సాగుతోంది. 2012లో హెన్రిక్ రిడ్‌గార్డ్ మొదలుపెట్టిన పీపీఎస్ఎస్‌పీపీ ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. తెర మీద కనిపించే ప్రతి బొమ్మనీ అది విడిగా గుర్తుపట్టి, అడిగితే ఫోల్డర్లో దాచిపెడుతుంది. మాడర్ ఆ బొమ్మ తీసి కొత్తది గీసి, అదే పేరుతో టెక్స్చర్స్ ఫోల్డర్లో పెడతాడు. ఎమ్యులేటర్ పాతదానికి బదులు కొత్తది చూపిస్తుంది. అసలు ఆట ఫైలు చెక్కుచెదరదు. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం.

పాత్రనే మార్చాలంటే మాత్రం ఆట లోపలికి దిగాలి. డ్రాగన్ బాల్ జెడ్ తెంకాయిచి ట్యాగ్ టీమ్ అనే పీఎస్‌పీ ఆట 2010లో వచ్చింది. డ్రాగన్ బాల్ సూపర్ అనే యానిమే మొదలైంది 2015లో. అందుకే ఆ యానిమేలో కనిపించే గోకు కొత్త రూపం, అల్ట్రా ఇన్‌స్టింక్ట్ గోకు, ఆ ఆటలో ఉండే వీల్లేదు. అభిమానులు పాత పాత్ర స్థానంలో అతణ్ణి కూర్చోబెట్టారు. రూపం కొత్తదే, కదలికలు మాత్రం చాలాసార్లు పాత పాత్రవే. ఈ పరిమితిలోనే జుట్టు రంగు, శరీరం చుట్టూ వెలుగు, దెబ్బల మెరుపు సరిచూసుకుంటూ రాత్రుళ్ళు కూర్చునే కుర్రాళ్ళకు జీతం ఎవరూ ఇవ్వరు. వారిది అచ్చమైన కళాకారుల ఓపిక.

ఆ ఓపికను దోచుకునేవాళ్ళూ ఉన్నారు. వేరేవాళ్ళ మాడ్‌కు తమ పేరు తగిలిస్తారు, ప్రకటనల పేజీల గుండా తిప్పి తిప్పి జిప్ ఫైలు అంటగడతారు. మొత్తం ఆటనే మాడ్ పేరుతో పంచడం కాపీరైట్ ఉల్లంఘన. మార్పులు మాత్రమే ఉండే ప్యాచ్ ఫైలు అంతకంటే ఎంతో శుభ్రమైన దారి. ఇక ఎమ్యులేటర్ల సంగతికొస్తే, 2024 ఏప్రిల్‌లో యాపిల్ కూడా తన స్టోర్లోకి పాత ఆటల ఎమ్యులేటర్లను అనుమతించింది. ఎమ్యులేటర్ తప్పు కాదు, అందులోకి ఆట ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

కాబట్టి కుర్రాళ్ళూ, మీరు కొన్న డిస్క్ నుంచి తీసుకున్న ఆటకే మాడ్ వేయండి. తెలియని ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) జోలికి పోవద్దు. నచ్చిన మాడ్‌ను నలుగురికీ చూపించేటప్పుడు చేసినవాళ్ళ పేరు చెరపకండి.