అసెంబ్లీ స్ట్రక్చర్‌లో 41 ఇస్తే 12596 ఎందుకు వస్తుంది?

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ లాజిక్‌నే ఎక్స్86 అసెంబ్లీలో రాద్దాం.

స్ట్రక్చర్‌లో మొదటి 2 బైట్లు నీటిమట్టం, తర్వాతి 2 బైట్లు గంట. గంటలో ముందే 6 ఉంది. లైనక్స్ రీడ్ కాల్‌కి నేరుగా నీటిమట్టం ఫీల్డ్ అడ్రస్ ఇచ్చి, 41 టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఏకంగా మూడో హెచ్చరిక వచ్చేస్తుంది! గంట కూడా 10 అయిపోతుంది.

తప్పు ఎక్కడ?

జీడీబీలో ఆ నాలుగు బైట్లు చూడండి: 52, 49, 10, 0. మొదటి రెండూ '4', '1' అక్షరాల ఆస్కీ కోడ్‌లు, 41 అనే నంబర్ కాదు. ఎక్స్86 వీటిని 49×256+52, అంటే 12596గా చదువుతుంది. మూడోది ఎంటర్ కీ, పక్క ఫీల్డ్‌లోకి దూరింది. అసెంబ్లీలో ఫీల్డ్ అంటే ఒక ఆఫ్‌సెట్ మాత్రమే, హద్దు దాటినా ఆపేవాళ్లు ఉండరు.

ఎలా సరిచేయాలి?

- ఇన్‌పుట్‌ని ముందు వేరే బఫర్‌లోకి తీసుకోండి.
- ఎంటర్ వచ్చేదాకా ఒక్కో అక్షరం నుంచి 48 తీసేసి, పాత విలువ×10కి కలపండి. వచ్చిన నంబర్‌నే ఫీల్డ్‌లో పెట్టండి.
- ప్రింట్ చేసేటప్పుడు 10తో భాగిస్తూ శేషానికి 48 కలపండి. అంకెలు వెనక నుంచి వస్తాయి కాబట్టి బఫర్‌ని చివరి నుంచి నింపండి.

హెచ్చరిక తప్పొస్తే కంపేర్ లైన్‌ని అనుమానించే ముందు మెమరీలో బైట్లు చూడండి. సగం బగ్‌లు అక్కడే దొరికిపోతాయి.