తోమిన రూపాయి, తోమని రూపాయి

గత శ్రావణ మాసంలో ఒకనాటి సాయంత్రం మా మిత్రులొకరు సతీసమేతంగా మా క్వార్టరుకు విచ్చేశారు. ఆయన మాకంటె నాలుగేళ్లు సీనియరు. నిర్వహణ విభాగంలో ముప్పయి అయిదేళ్లు పనిచేసి ఇటీవలనే పదవీ విరమణ చేశారు. వారి చేతిలో ఒక పాత కుంకుమభరిణె, అందులో ఏడు వెండి రూపాయలు. ఆయన మాతృమూర్తి కిందటేడు స్వర్గస్థులయ్యారు. ఇల్లు, పొలం పంపకాలు ఏ పేచీ లేకుండా ముగిశాయి గాని, ఈ ఏడు రూపాయల దగ్గర చిక్కు వచ్చింది. వారసులు ముగ్గురు: ఈయన, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. "వెండి కొట్టులో తూకం వేయించి మూడు వాటాలు చేయవచ్చు. కాని వెండి ధర వేరు, నాణెం ధర వేరు అని మీరు ఒకసారి క్లబ్బులో చెప్పారు గదా! పెద్దవాణ్ణి, తెలియక ఎవరికీ అన్యాయం చేయకూడదు" అన్నారు ఆయన.

భరిణె మూత తీయగానే ఆరు రూపాయలు అద్దాల్లా మెరిశాయి. ఏడవది మాత్రం మసిబారినట్లుంది. "అన్నయ్యగారూ, మీకు చూపించాలని నిన్న రాత్రే చింతపండులో నానబెట్టి, విభూతితో తోమాను. పూజలో ఉండే ఈ ఆరూ ఇట్టే తెల్లబడ్డాయి. అది మా అత్తగారి పెట్టె అడుగున కాగితంలో చుట్టి ఉంది. ఆ నలుపు చూసి వెండి కాదేమో, సీసమేమోనని వదిలేశాను" అన్నారు ఆ ఇల్లాలు.

మాకు కొంతసేపు మాట పెగలలేదు.

నాణేల సేకరణ మాకు ముప్పయి ఏళ్ల వ్యసనం. ఆ సాయంత్రం వారికి చెప్పిన సంగతులనే కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాము. తోటి ఉద్యోగుల ఇళ్లలోనూ ఇటువంటి భరిణెలు ఉండకపోవు.

రూపాయి బాగున్నదా లేదా అనే ప్రశ్నకు ప్రభుత్వం ఏనాడో తన సమాధానం చెప్పింది: తూకం. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అనగా 11.66 గ్రాములు; సరిగ్గా ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1906 నాటి నాణేల చట్టం ప్రకారం అరుగుదల వల్ల నూటికి రెండు పాళ్లకు మించి తూకం తగ్గిన రూపాయి చెల్లుబాటు కోల్పోయేది. లెక్క కడితే అది గ్రాములో నాలుగో వంతు కూడా కాదు. వెండి కొట్టులోని త్రాసుకు ఈ తేడా కనిపిస్తుంది. అంతకుమించి మరేదీ కనిపించదు. సేకరణదారు చూసేది మరొకటి. టంకశాల నుంచి బయటపడిన క్షణాన ఆ నాణెం ముఖాన ఉన్న రూపురేఖల్లో నేటికి ఎంత మిగిలింది, పోయినది ఎలా పోయింది అన్నది అతని ప్రశ్న.

ఇది అర్థం కావాలంటే నాణెం ఎలా పుడుతుందో తెలియాలి. రెండు ఉక్కు అచ్చుల నడుమ వెండి బిళ్ళను పెట్టి ప్రెస్సుతో ఒక్క దెబ్బ కొట్టినప్పుడు, లోహం చల్లగా ఉండగానే మైనంలా కదులుతుంది. మధ్య నుంచి అంచు వైపు పారుతూ అచ్చులోని గుంటల్లోకి ఎక్కుతుంది. వేల దెబ్బలు తిన్న అచ్చు మీద ఈ పారుదల అతి సన్నని గీతలను మిగులుస్తుంది. అవి తరువాతి నాణేల మీదికి దిగుతాయి. విడిగా కంటికి ఆనవు. కాని కొత్త నాణేన్ని దీపం కింద వాల్చి మెల్లగా తిప్పితే, బండిచక్రపు ఆకుల వలె వెలుగు చారలు దాని ముఖం మీద తిరుగుతాయి. సేకరణదారులు జిగి అనేది దీనినే. పాలిష్ వల్ల వచ్చే మెరుపు వేరు, ఈ జిగి వేరు. పాలిష్ చేసిన నాణెం అద్దంలా మెరుస్తుంది గాని అందులో చక్రం తిరగదు. ఒకసారి పోయిన జిగిని తిరిగి తెప్పించే యంత్రం ఏ కర్మాగారంలోనూ లేదు.

వాడుకలో మొదట అరిగేది ఎత్తైన భాగం. అందుచేత గ్రేడు నిర్ణయించేవారు నాణెమంతా ఒకేలా చూడరు. ఎక్కడ చూడాలో తెలుసుకుని అక్కడే చూస్తారు. విక్టోరియా రూపాయి మీద చెవి పైనున్న జుట్టు, రవికె మీది అల్లిక పని. ఎడ్వర్డ్ మీద చెవి, దాని పైని వెంట్రుకలు. అయిదవ జార్జ్ మీద కిరీటం పట్టీ, కనుబొమ, మీసం, అంగీ మీది హారంలోని చిన్న ఏనుగు. బొరుసు వైపు పూలతీగ ఆకుల ఈనెలు. అయిదింతలో పదింతలో పెద్దదిగా చూపే భూతద్దం చాలు. అంతకు మించిన కటకం పెడితే ప్రతి నాణెమూ యుద్ధభూమిలా కనిపించి మతి పోతుంది.

గ్రేడులకు వాడే మాటలు ఇంగ్లీషువి. మన దేశపు వేలం కేటలాగుల్లోనూ అవే నడుస్తున్నాయి. కింది నుంచి పైకి: ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్‌స్ట్రీమ్లీ ఫైన్, ఆపైన ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్, చివరకు అన్‌సర్క్యులేటెడ్. మాటల అర్థాన్ని నమ్మితే మోసపోతాము. గుడ్ అంటే బొమ్మ ఎవరిదో గుర్తు పట్టగలం, అంతే; జుట్టు, ఆభరణాలు అన్నీ నున్నబడిపోయి ఉంటాయి. వార్షిక రహస్య నివేదికలో గుడ్ అని వస్తే అది ఎంత మంచిదో మన ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు గదా! ఫైన్ అంటే పెద్ద గీతలన్నీ తెలుస్తాయి, సూక్ష్మమైనవి పోయాయి. వెరీ ఫైన్‌లో ఎత్తైన చోట్ల మాత్రం చదును. ఎక్‌స్ట్రీమ్లీ ఫైన్‌లో ఆ చదును భూతద్దానికే తెలుస్తుంది. మూలల్లో జిగి కొంత దాగి ఉంటుంది. చలామణిలోకి అసలు పోనిదే అన్‌సర్క్యులేటెడ్.

దీనిని అంకెల్లోకి దించినవాడు అమెరికాలోని విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1949లో పాత అమెరికన్ సెంట్ల మీద రాసిన పుస్తకంలో ఆయన 1 నుంచి 70 వరకు ఒక కొలబద్ద కట్టాడు. 70 ఎందుకంటే, 1794 నాటి సెంటు అతి హీన స్థితిలో ఒక డాలరు పలికితే అత్యుత్తమ స్థితిలో 70 డాలర్లు పలకాలని ఆయన లెక్క. ఆ ధరల లెక్క కొద్ది కాలానికే తప్పిపోయింది గాని అంకెలు మాత్రం నిలిచాయి. ఈనాడు 4 అంటే గుడ్, 12 ఫైన్, 20 వెరీ ఫైన్, 40 ఎక్‌స్ట్రీమ్లీ ఫైన్. 60 నుంచి 70 వరకు చలామణిలోకి పోని నాణేలు. 1986, 1987 సంవత్సరాల్లో అమెరికాలో మొదలైన రెండు సంస్థలు రుసుము తీసుకుని, నాణెం చూసి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇవ్వసాగాయి.

ఇంజనీర్లమైన మాకు అంకె అంటే గురి. కాని ఇది మైక్రోమీటరు చూపే అంకె కాదు, మనిషి కన్ను చెప్పే తీర్పు. అదే నాణేన్ని పెట్టె పగులగొట్టి మళ్లీ పంపితే ఒక అంకె పెరిగో తగ్గో వచ్చిన సందర్భాలున్నాయి. 63కు 64కు నడుమ తేడా చెప్పగలమని మేము ఏనాడూ బుకాయించలేదు. కాని అమ్మేవాడి కంటికి ఎక్‌స్ట్రీమ్లీ ఫైన్‌గా ఉన్న నాణెం కొనేటప్పుడు అదే కంటికి ఫైన్‌గా మారడం మాత్రం మేము చాలాసార్లు చూశాము.

కొత్తవారు తరచుగా పొరపడే చోటు ఒకటుంది. అచ్చు సరిగా పడక బొమ్మ చదునుగా ఉండటం వేరు, అరిగి చదునవడం వేరు. దెబ్బ బలహీనమైతే లోహం అచ్చు లోతుల్లోకి పోదు. ఆ చోట బిళ్ళ గరుకుదనం, జిగి అలాగే ఉంటాయి. అరిగిన చోట రంగు మారి, సబ్బుబిళ్ళలా నున్నగా ఉంటుంది. ప్రూఫ్ అనే మాట కూడా గ్రేడు కాదు. మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా ముద్రించే విధానమది. ప్రూఫ్ నాణెం జేబులో తిరిగి అరిగినా ప్రూఫే, అరిగిన ప్రూఫ్. ఇక శాతవాహనుల సీసపు నాణేలు, విజయనగర వరహాలు చేతి సుత్తితో కొట్టినవి. వాటికి ఈ కొలబద్ద అతకదు. ముద్ర బిళ్ళ మధ్యన పడిందా, అక్షరాలు ఎన్ని మిగిలాయి, లోహం తినేసిందా అన్నవి అక్కడి ప్రశ్నలు.

మళ్లీ చింతపండు దగ్గరకు వద్దాము. గాలిలో లేశమాత్రంగా ఉండే గంధకపు వాయువుతో కలిసి వెండి పైన సిల్వర్ సల్ఫైడు పొర ఏర్పడుతుంది. పొర పలుచగా ఉన్నప్పుడు పసుపు, కొంత మందమైతే ఊదా, నీలం, చివరకు నలుపు. ఉక్కును టెంపర్ చేసేటప్పుడు గడ్డిరంగు నుంచి నీలం దాకా వచ్చే రంగులను షాపులో చూసినవారికి ఈ వరుస కొత్తది కాదు. అక్కడ ఆక్సైడు పొర, ఇక్కడ సల్ఫైడు, కాంతి చేసే పని ఒకటే. ఈ పొర దశాబ్దాల మీద సమంగా ఏర్పడితే సేకరణదారులు దానిని దోషంగా చూడరు సరిగదా, తోమలేదనడానికి సాక్ష్యంగా తీసుకుంటారు. విభూతి, పళ్ళపొడి, మెటల్ పాలిష్ ఆ పొరతోపాటు కింది వెండిని కూడా గీస్తాయి. భూతద్దంలో అన్నీ ఒకే దిక్కుకు వెంట్రుకల వంటి గీతలు కనిపిస్తే, అది తోమిన నాణెం. అమెరికన్ సంస్థలు అటువంటి దానికి అంకె వేయవు. శుభ్రం చేయబడినదని మాత్రం రాసి పంపుతాయి.

ఈ పాపం మేమూ చేసినవాళ్లమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో తాతగారిచ్చిన 1840 నాటి కంపెనీ రూపాయిని వర్క్‌షాపులో బఫింగు చక్రం మీద అర నిమిషం పట్టాము. బ్రహ్మాండంగా మెరిసింది. రాణిగారి జుట్టు మాత్రం బోడిగుండుకు దగ్గరయింది. ఆ రూపాయి ఇప్పటికీ మా బల్ల సొరుగులో ఉంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టే పిల్లలకు ముందుగా దానినే చూపిస్తాము.

ఆ సాయంత్రం భూతద్దం తీసి ఏడింటినీ వరుసగా చూశాము. ఆరింటి మీదా సంవత్సరాలు 1862, 1885, 1901, 1906, 1911, 1917. మొదటిదాని మీద 1862 అని ఉన్నా అది ఆ ఏడు ముద్రించినదేనని చెప్పలేము. 1874 వరకు అదే సంవత్సరం వేశారు, బొరుసు మీది చుక్కలను లెక్కపెట్టి వేరు చేయాలి. శుక్రవారం శుక్రవారం తోమగా ఆ చుక్కల్లో సగం పోయాయి. 1906 రూపాయికి ఎప్పుడో గొలుసులో గుచ్చడానికి కొక్కెం అతికిన టంకం మచ్చ ఉంది. 1911 అన్న అంకె చూడగానే మా గుండె ఒకసారి కొట్టుకున్నది. ఆ సంవత్సరపు రూపాయి మీద హారంలోని ఏనుగు పందిలా కనిపిస్తున్నదని అలజడి చెలరేగి, ప్రభుత్వం వాటిని ఉపసంహరించి, 1912 నుంచి బొమ్మ మార్చింది. అందుకే అది అరుదు. భూతద్దంలో చూస్తే ఏనుగూ లేదు, పందీ లేదు, ఒక మెరిసే బుడిపె ఉంది.

"నిన్న రాత్రి తోమకపోతే?" అన్నారు మిత్రులు. ఒక్క రాత్రితో పోయేది కాదు, అది నలభై యాభై ఏళ్ల శుక్రవారాల పని అని చెప్పాము. అది నిజమే. ఆ ఇల్లాలి ముఖం కొంచెం తేరుకున్నది.

ఏడవది 1919. బొరుసున కింది తామరపువ్వు దిగువన చిన్న చుక్క, అంటే ముంబాయి టంకశాల. సంవత్సరం అరుదైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి కరువై, 1918లో అమెరికా ఒక చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో అత్యధిక భాగాన్ని మన రూపాయల కోసం బ్రిటన్ కొన్నది. ఆనాటి రూపాయలు ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి. కాని దీపం కింద వాల్చి తిప్పితే ఆ నలుపు అడుగున చక్రం తిరిగింది! అంచు వెంట నీలం, ఊదా. ఏనుగు తొండంతో సహా ఉంది. కిరీటం పట్టీ మీద మాత్రం రవ్వంత రాపిడి. ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్ అన్నాము. తరువాత తెలిసిన సంగతి ఏమంటే, పెళ్లినాడు తండ్రి తన చేతిలో పెట్టిన రూపాయి అని ఆ తల్లి దానిని ఎన్నడూ పూజలోకి తేలేదట.

మా అంచనాలో తోమిన 1911, తోమని 1919 దాదాపు సరితూగాయి. 1911 కూడా పెట్టె అడుగున ఉండి ఉంటే ఆ పోలికే ఉండేది కాదు. మిగిలిన అయిదింటికి వెండి ధర మీద పెద్దగా ఏమీ రాదు.

తోమకూడదు సరే, మరి ఎలా దాచాలని మిత్రులు అడిగారు. అంచులు పట్టుకుని తీయాలి. వేలిముద్ర కూడా మచ్చ అవుతుంది. బజారులో దొరికే మెత్తని పి.వి.సి. ఆల్బములు పనికిరావు, కొన్నేళ్లకు వాటి నుంచి ఊరే పచ్చని జిగురు నాణేన్ని తింటుంది. పాలియెస్టర్ సంచులు మేలు. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది, దగ్గరకు రానీయవద్దు. అప్పటికే జిగురు పట్టిన నాణేన్ని స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి తీయవచ్చు, అది లోహాన్ని తాకదు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా మాత్రమే. తుడవకుండా ఆరనివ్వాలి.

దసరాలో ఆ దంపతులు మళ్లీ కనిపించారు. పంపకం అయిపోయిందట. 1911, దానితోపాటు 1917 తమ్ముడికి. 1919, దానితోపాటు 1885 చెల్లెలికి. మిగిలిన మూడూ పెద్దాయనకు. "మా మూడూ మళ్లీ అమ్మవారి దగ్గర పెట్టాము అన్నయ్యగారూ. వాటినైనా తోముకోవచ్చునా?" అని ఆమె అడిగారు. నిక్షేపంగా తోముకోమన్నాము. ఆడపడుచుకు ఇచ్చిన రూపాయిని పాలియెస్టర్ సంచిలో పెట్టి, పైన ఒక కవరు వేసి, దాని మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలతో "తోమరాదు" అని తానే రాసి పంపారట.