ఫైబర్ తెప్ప అరకు మూత మనమే చేసుకోవచ్చు

తెప్ప మీద అర మూత పోయిందనుకోండి, చాలామంది చేసే పని ఒకటే. ఓ ప్లైవుడ్ ముక్క అడ్డం వేసి, పైన పట్టా కప్పి తాడుతో బిగించేస్తారు. ఒడ్డున ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. కెరటాలు విరిగే చోటు దాటేటప్పుడు ఒక్క పెద్ద అల మీదికొస్తే పట్టా పక్కకు పోతుంది, నీళ్లు అరలోకి దిగుతాయి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోల బరువు. అదీ కదిలే బరువు. తెప్ప ఎటు ఒరిగితే నీళ్లు అటే పరుగెత్తి ఆ ఒరుగును ఇంకా పెంచుతాయి.

దుంగలు కట్టిన పాత తెప్పకు ఈ బాధ లేదు. దానికి లోపల అంటూ ఏమీ లేదు, ఎక్కిన నీరు సందుల్లోంచి దిగిపోయేది. ఫైబర్ వచ్చాక లోపల అర వచ్చింది, దానితో మూత అవసరమూ వచ్చింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ తెప్పలు బాగా పెరిగాయి. ఇన్నేళ్ల వాడకంలో మూతలు పగలడం, కొట్టుకుపోవడం మామూలే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తెప్ప ఎలాగూ ఒడ్డునే ఉంటుంది గనుక ఈ పనికి అదే అదను. కాకపోతే ఎండాకాలం, రెజిన్ తొందరగా గట్టిపడుతుంది. అందుకని తెల్లవారుజామున, నీడలో, గాలి ఆడే చోట పని పెట్టుకోవాలి.

ముందుగా అచ్చు

మూత డబ్బా మూతలాగా అర అంచు మీద కూర్చోవాలి. అంచు కనీసం రెండంగుళాలు ఎత్తుండాలి. లేకపోతే ముందు అంచు కట్టించి తర్వాత మూత మాట. అంచు బయటి కొలతకు నాలుగు వైపులా 4 మిల్లీమీటర్లు కలిపి ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేయండి. అదే అచ్చు. దీన్ని బోర్లించి దాని మీద ఫైబర్ వేస్తాం. మూతకు అసలు కొలత లోపలిదే కాబట్టి అచ్చు మీద వేసినప్పుడు ఆ లోపలి వైపే నున్నగా, కచ్చితంగా వస్తుంది. బయట కాస్త గరుకుగా ఉన్నా రుద్దుకోవచ్చు.

అచ్చు మూలలు గుండ్రంగా ఉండాలి. పదునైన మూల మీద మ్యాట్ వంగదు, కింద గాలి మిగులుతుంది. పక్కలు పైనుంచి కిందికి కొంచెం వెడల్పయ్యేలా పెట్టండి, లేకపోతే గట్టిపడ్డాక మూత ఊడి రాదు. నడిమి భాగం అర అంగుళం ఉబ్బుగా ఉంటే నీళ్లు నిలవవు, బలమూ ఎక్కువ. అచ్చంతా పార్సిళ్లకు అంటించే బ్రౌన్ టేపు ముడతల్లేకుండా వేసి, పైన మైనం పాలిష్ రెండు మూడు సార్లు పట్టించాలి. థర్మకోల్‌తో అచ్చు చేద్దామనుకునేవారు జాగ్రత్త. రెజిన్ తగిలితే థర్మకోల్ కరిగిపోతుంది. రెజిన్ కలపడానికి థర్మకోల్ గ్లాసులు వాడినా అంతే.

అంచు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉందనుకుందాం. 450 గ్రాముల మ్యాట్ మూడు పొరలకు అరకిలో పైన పడుతుంది. మ్యాట్ బరువుకు రెండున్నర రెట్లు రెజిన్ లెక్క వేసుకోవాలి. పై పూతతో, వృథాతో కలిపి రెండు కిలోలు తెచ్చుకుంటే చాలు. ఉప్పునీటికి ఐసో రెజిన్ మేలు. మూత మీద కాలు పెట్టి నిలబడే అలవాటుంటే నడిమి భాగానికి నాలుగో పొర, లోపలి వైపు ఒక పట్టీ తప్పనిసరి. నిలువుగా చీల్చిన సన్న పీవీసీ పైపును లోపల అడ్డంగా పెట్టి, పైన రెండు పొరలు మ్యాట్ కప్పితే పట్టీ అవుతుంది. అది అర అంచుకు తగలకుండా చూసుకోండి.

కలపడంలోనే ఉంది అసలు ప్రమాదం

రెజిన్‌ను గట్టిపరచే మందులు రెండు: కోబాల్ట్, కేటలిస్ట్. ఈ రెండింటినీ ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా కలపకూడదు. కలిపారా, భగ్గుమని అంటుకుంటుంది, పేలినా పేలుతుంది. ముందు రెజిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలియబెట్టాలి, ఆ తర్వాతే కేటలిస్ట్. రెజిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు, అలాంటిదైతే మళ్లీ వేయొద్దు. కొట్టువాణ్ణి అడిగి, డబ్బా మీద రాసింది చూసి తెచ్చుకోండి.

కేటలిస్ట్ కిలోకు 10 నుంచి 20 గ్రాములు. ఎండ ఎక్కువైతే 10కి దగ్గరగా వాడండి. అంతకన్నా తగ్గిస్తే రెజిన్ లోపల పచ్చిగానే ఉండిపోతుంది, ఆ మూత ఎన్నాళ్లో నిలవదు. ఒక్కసారే అంతా కలపకుండా 300 గ్రాముల చొప్పున కలుపుకోవాలి. ఎక్కువ కలిపి గిన్నెలో ఉంచితే దానంతట అదే వేడెక్కి పొగలొస్తుంది. దగ్గర్లో బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు.

కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా పని మొదలుపెట్టొద్దు. పడితే వెంటనే 15 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి ఆస్పత్రికి పరుగెత్తాలి. మన ఇళ్లలో ఇలాంటివి ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెట్టే అలవాటుంది. పిల్లలున్న ఇంట్లో ఇంతకన్నా చెడ్డ పని లేదు.

ఇక అచ్చు మీద రెజిన్ రాసి, మ్యాట్ పరచి, కుంచెతో పొడుస్తున్నట్టు అద్దుతూ తడపాలి. రుద్దితే పోగులు లేచొస్తాయి. తెల్లగా కనిపించిన చోటల్లా గాలి ఉన్నట్టు, ఆ చోటు మళ్లీ అద్దాలి. పొర మీద పొర తడిగా ఉండగానే వేయండి. తోలులా మెత్తగా ఉన్న దశలో అంచులు కత్తితో ఇట్టే కోసుకోవచ్చు. పూర్తిగా గట్టిపడితే రంపం పట్టాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

ఒక రోజు ఆగి, అంచు సందులో నీళ్లు పోసి రబ్బరు సుత్తితో తడితే అచ్చు వదులుతుంది. కోసిన అంచులకు తప్పకుండా రెజిన్ పూయాలి, లేకపోతే పోగుల వెంట నీరు ఎక్కుతుంది. పైన రంగు కలిపిన రెజిన్ పూత ఇస్తే ఎండకు పోగులు తేలవు.

లోపలి చుట్టూ బస్సు తలుపులకు వేసే మెత్తటి రబ్బరు అంటించండి. అర అంచుకు సుద్ద రాసి మూత వేసి తీస్తే, రబ్బరు మీద సుద్ద గీత ఎక్కడ తెగిందో అక్కడ నీరు పోతుందన్నమాట. సరిచేశాక, అరలో పొడి కాగితం పరచి పది బిందెల నీళ్లు పైన పోసి చూడండి. కాగితం తడవకపోతే సరే. బిగించడానికి పాత సైకిల్ ట్యూబు పట్టీలు బాగా పట్టుకుంటాయి గానీ ఏడాదిలో చీకిపోతాయి, మార్చుకుంటుండాలి. కొక్కేలు స్టీలువే వేయాలి, ఇనుము తుప్పుపట్టి రంధ్రం పెద్దదవుతుంది. మూతకు మూరెడు తాడు కట్టి రెండో కొస తెప్పకు ముడేయడం మరిచిపోవద్దు. మూతలు చాలావరకు పగిలి పోవడం లేదు, తీసి పక్కన పెట్టినప్పుడు సముద్రంలో పడి పోతున్నాయి.