కుర్చీలోంచి లేవడం

ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర పొద్దున ఓ పది నిమిషాలు నిలబడితే మనుషుల కండరాల సంగతి చాలావరకు అర్థమవుతుంది. ఎక్కేవాళ్లలో ఆయాసం కనిపిస్తుంది. దిగేవాళ్లను చూడాలి. అరవై దాటిన ఒకావిడ రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని, కాస్త పక్కకు తిరిగి, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి దిగుతుంది. ఆయాసమేమీ లేదు. అడిగితే మోకాళ్ల నొప్పి అంటుంది, నిజమే కావచ్చు. కాని నొప్పి పెట్టే మోకాలికి పైన, బలం తగ్గిన తొడ కూడా చాలాసార్లు ఉంటుంది. ఒంటి బరువును మెల్లగా కింది మెట్టు మీదికి దించాల్సిన కండరం ఆ పని చేయలేక, సగం బరువును చేతులకు అప్పగిస్తోంది.

మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందువైపు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, బరువును ఆపుతూ పనిచేస్తుంది. సాగుతూ పనిచేసే కండరం ఎక్కువ బరువు ఆపగలదు, పైగా తక్కువ ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. అలవాటు లేనివాళ్లకు గుట్ట దిగిన మర్నాడు తొడలు పట్టేసేది కండరం ఇలా సాగుతూ పనిచేయడం వల్లే. తైవాన్‌లో స్థూలకాయం ఉన్న పెద్దవయసు స్త్రీలను రెండు జట్లుగా చేసి, 12 వారాల పాటు ఒక జట్టు చేత మెట్లు ఎక్కించారు, రెండో జట్టు చేత దిగించారు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. కండబలంలోనూ, ఎముక గట్టిదనంలోనూ, ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరులోనూ దిగినవాళ్లే ఎక్కువ లాభపడ్డారు. లిఫ్టులో పైకి వెళ్లి నడిచి కిందికి రావడం సోమరితనమేమీ కాదన్నమాట.

తార్నాక నుంచి ఈ ఉప్పల్ స్టేషన్ వైపు వచ్చే దారికి ఒక విశేషం ఉంది. తార్నాక కొసన, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడి నుంచి, ఎడమకు నాచారం దారి చీలే హబ్సిగూడకు వస్తే సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం. మనిషి ఏం తినాలో ఒకచోట లెక్క కడితే, తిన్నది అందుకున్న కణం ఏం చేస్తుందో రెండోచోట చూస్తారు. రెంటికీ మధ్య దూరం ఆటోలో కొద్ది నిమిషాలే. ఆ రెండు లెక్కలూ కలిపి చూస్తే తప్ప పెద్దవాళ్ల కండరాల విషయం తేలదు.

ముందు కణం దగ్గరికి వెళ్దాం. ఎముకలకు అంటుకుని ఉండే కండరంలో ఒక్కో తంతువూ వందలాది కేంద్రకాలున్న పొడవాటి కణం. అంత పెద్దదై, ప్రొటీన్ పోగులతో నిండిపోయాక అది మళ్లీ విభజన చెందదు. మరి చిరిగితే కుట్టేదెవరు? 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద కప్ప కండరాన్ని పరిశీలిస్తూ, తంతువుకూ దాని పైపొరకూ నడుమ ఇరుక్కుని ఉన్న చిన్న కణాలను గమనించాడు. తంతువును అంటిపెట్టుకుని ఉన్నాయి కాబట్టి వాటికి శాటిలైట్ కణాలని పేరొచ్చింది. మామూలు రోజుల్లో అవి నిద్రపోతాయి. కండరానికి దెబ్బ తగిలినప్పుడు లేచి, విభజన చెంది, కొన్ని తంతువులో కలిసిపోతాయి. కొన్ని మళ్లీ నిద్రకు వెళ్లి రేపటి అవసరానికి మిగులుతాయి.

సీసీఎంబీలో జ్యోత్స్నా ధవన్ బృందం పరిశోధించింది ఈ నిద్రనే. నిద్రపోయే కణాన్ని కండరంలోంచి బయటికి తీస్తే ఆ కదలికకే అది మేల్కొంటుంది, ఇక నిద్రను చూసేదెలా? అందుకు వాళ్లు వాడిన పద్ధతి నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. చిట్టెలుక కండర కణాలను పాత్ర అడుగుకు అంటుకోనివ్వకుండా చిక్కటి జిగట ద్రవంలో తేలేటట్టు ఉంచుతారు. ఆనుకునే చోటు లేని కణం చచ్చిపోదు, కండరంగానూ మారదు. విభజన ఆపేసి అలా ఉండిపోతుంది. తిరిగి గట్టి అడుగు దొరకగానే కాలు మోపి, విభజనకు దిగుతుంది. ఆధారం, బిగువు, లాగుడు లాంటి యాంత్రికమైన విషయాలను కణం ఆహారమంత శ్రద్ధగానూ గమనిస్తుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

నాచారం పారిశ్రామికవాడలో లారీల నుంచి బస్తాలు దించే హమాలీల కాళ్లను చూడండి. జిమ్ముల్లో కనిపించే ఉబ్బు ఉండదు, కాని ఆ పిక్కలకున్న పట్టు వేరు. బరువు ఎత్తడం మొదలుపెట్టిన తొలి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా కండరానిది కూడా కాదు, నరాలది. మెదడు మరిన్ని తంతువులను ఒకేసారి పిలవడం నేర్చుకుంటుంది. కండరం లావెక్కడం ఆ తర్వాతి మాట. ఇక రోజంతా కదులుతూ ఉంటే కణంలోని మైటోకాండ్రియా పెరుగుతాయి. 1967లో జాన్ హొల్లోజీ ఎలుకలను రోజూ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాటి కండరాల్లో శ్వాసక్రియ ఎంజైములు సుమారు రెట్టింపయ్యాయని చూపించాడు.

మెదడు తంతువులను పిలిచే పద్ధతిలో ఒక వరస ఉంది. తేలిక పనికి నిదానంగా కదిలే, అలసిపోని చిన్న తంతువులు ముందొస్తాయి. బరువు బాగా పెరిగితేనే వేగంగా కదిలే పెద్ద తంతువులకు పిలుపు వెళుతుంది. వయసు పైబడితే ముందు సన్నబడేవి ఈ వేగపు తంతువులే. వాటిని నడిపించే నరాలు కొన్ని చచ్చిపోతాయి. దిక్కులేని తంతువుల్లో కొన్నిటిని పక్క నరం చేరదీస్తుంది, మిగతావి ఎండిపోతాయి. కాలు జారినప్పుడు క్షణంలో రెండో కాలు ముందుకు వేసి నిలదొక్కుకోవాలంటే కావలసింది ఆ తంతువులే. సాయంత్రం పార్కులో మూడు చుట్లు నడిచి, ‘మా నాన్నగారు రోజూ వాకింగ్ చేస్తారు’ అని నిశ్చింతగా ఉంటాం. నడక గుండెకు మంచిదే, చక్కెరకూ మంచిదే. నిదానపు నడకతో వేగపు తంతువులకు మాత్రం పిలుపు వెళ్లదు.

ఇప్పుడు తిండి లెక్క. పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల నాణ్యమైన ప్రొటీన్ కావాలి. 55 కిలోల స్త్రీకి ఇది దాదాపు 46 గ్రాములు. నాచారంలోనో, మల్లాపూర్‌లోనో ఒక పెద్దావిడ తినే తిండి చూద్దాం. పొద్దున రెండు ఇడ్లీలు: నాలుగైదు గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యంతో వండిన అన్నంలో ఎనిమిది, పాతిక గ్రాముల కందిపప్పులో ఐదు, చిన్న కప్పు పెరుగులో మూడు. రాత్రి, ‘అరగదు’ అని ఇంకొంచెం తగ్గించి మజ్జిగన్నం, మామిడికాయ పచ్చడి. ఓ ఎనిమిది అనుకుందాం. అంతా కలిపితే ముప్పై దాటదు. అన్నంలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్‌ను అన్నం పూరిస్తుంది కాబట్టి మన పప్పన్నం పొందిక మంచిదే. పప్పు పలచనయ్యే కొద్దీ ఆ పొందిక చెడుతుంది.

వయసు ఇక్కడ ఇంకో మెలిక పెడుతుంది. భోజనంలోని అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా ల్యూసిన్, కణంలో ఎంటార్ అనే ప్రొటీన్‌ను మేల్కొలిపితేనే కొత్త కండ నిర్మాణం ఊపందుకుంటుంది. యువకుడికి ఒక పూట కిలో బరువుకు పావు గ్రాము ప్రొటీన్ అందితే ఆ పని జరిగిపోతుంది. పెద్దవాళ్లకు అదే పనికి 0.4 గ్రాములు కావాలని ప్రయోగాల్లో తేలింది. పైన చెప్పిన పెద్దావిడకు అది పూటకు 22 గ్రాములు. ఆవిడ మధ్యాహ్నం తిన్నది పదహారు. అంటే వయసుతో పాటు కండరానికి కొంచెం చెముడు వస్తుంది, గట్టిగా పిలిస్తేనే పలుకుతుంది. ఓ గుడ్డు, ఓ గ్లాసు పాలు, గుప్పెడు ఉడికించిన శనగలు ఆ తేడాను పూడుస్తాయి. డబ్బాల్లో అమ్మే పౌడర్లు అక్కర్లేదు. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని ఇదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

మరి తిండి పెంచితే చాలా? చాలదు. 1994లో అమెరికాలో వృద్ధాశ్రమంలో ఉండే వందమంది మీద చేసిన ప్రయోగం ఈ సందేహాన్ని దాదాపు తీర్చేసింది. వాళ్ల సగటు వయసు 87. కొందరికి పోషక పానీయం ఇచ్చారు, కొందరి చేత కాళ్లతో బరువులు ఎత్తించారు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత బరువులు ఎత్తినవాళ్ల కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవాళ్లలో కండ పెరగలేదు. అంతకు నాలుగేళ్ల ముందు ఇదే బృందం 86 నుంచి 96 ఏళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులు ఎత్తించినప్పుడు బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ వయసు వాళ్లతో బరువులెత్తించడమంటే మన ఇళ్లలో కొడుకులు పోట్లాటకు వస్తారు.

దీనికి ఎదురు ప్రయోగం కూడా ఉంది. 2007లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పన్నెండు మందిని పదిరోజులు మంచం మీదే ఉంచారు. తిండికి లోటు చేయలేదు. పదిరోజుల్లో వాళ్ల కాళ్ల నుంచి దాదాపు కిలో కండ పోయింది. జ్వరమొస్తే ‘లేవకు, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం’ అంటామే, ఆ ప్రేమ ఖరీదు ఇది. వయసుతో కండ తరగడానికి 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పేరు కొత్తదే గాని, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అన్నీ చేతికందించడమే గౌరవమనే మన మర్యాద పాతది. ఆ రెండూ ఒకే ఇంట్లో బాగా కుదురుకుంటాయి.

ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇంట్లోనే చేసుకోగల ఒక పరీక్షకు గీత గీసింది. చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్తపడాలి. నాచారంలో ఉండే మా మేనత్తకు డెబ్బై నాలుగేళ్లు. ప్లాస్టిక్ కుర్చీని గోడకు ఆనించి, ఫోనులో టైమర్ పెట్టి, “అత్తా, చేతులు ఆనించకుండా లేవాలె” అన్నాను. మొదటిసారి లేవడానికే రెండుసార్లు ముందుకు ఊగింది. ఐదూ అయ్యేసరికి 19 సెకన్లు.

“కూసునుడు అల్కగనే ఉంది బిడ్డా, లేసుడే వస్తలేదు” అంది.

ఆ రోజు నుంచి పొద్దున ఎనిమిదిసార్లు, సాయంత్రం ఎనిమిదిసార్లు అదే కుర్చీ. నెల తర్వాత ఒళ్లో రెండు కిలోల బియ్యం సంచి. పొద్దున ఇడ్లీతో గుడ్డు. మంచినీళ్లు ఎవరూ తెచ్చి ఇవ్వకూడదని కోడలికి చెబితే ఆమె ఇబ్బంది పడింది, ఇరుగుపొరుగు ఏమనుకుంటారని. మూడు నెలలకు మళ్లీ టైమర్ పెడితే 14 సెకన్లు వచ్చింది. గీత ఇంకా దాటలేదు. అత్త మాత్రం నన్ను టైమర్ ఆపనివ్వలేదు. “ఇంకోపాలి పెట్టు” అని చేతులు కట్టుకుంది.